సీపాప్ పెట్టుకున్నాక నాలుక ఎందుకు తెగుతోంది: 81 రాత్రుల లెక్క

సీపాప్ అంటే నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కులోంచి గాలి ఒత్తిడితో పంపే మెషీన్. అది కొన్న కథ, మొదటి నెల ఎంత హాయిగా నిద్రపట్టిందన్న కథ వదిలేస్తున్నా. వయసు 44, ఊరు గుంటూరు, హైస్కూల్లో లెక్కల టీచర్ని. స్లీప్ టెస్టులో ఏహెచ్ఐ 31 వచ్చింది, అంటే గంటకి 31 సార్లు ఊపిరి ఆగడమో తగ్గిపోవడమో, 30 దాటితే తీవ్రం కిందే లెక్క. ఆటో సీపాప్ (ప్రెషర్ అవసరాన్ని బట్టి తనే మార్చుకునేది), ముక్కు మాస్కు, ప్రెషర్ 6 నుంచి 16. గురక పోయింది. ఏహెచ్ఐ 2 దగ్గరికి దిగింది. రెండో నెల నుంచి మాత్రం పొద్దున లేచేసరికి నోట్లో ఉప్పగా రక్తం రుచి, నాలుక ఎడమ అంచు తెగి ఉండటం, దవడలు పట్టేసి కణతలు లాగడం మొదలైంది. గోంగూర తగిలితే కళ్లల్లో నీళ్లే, గుంటూరులో ఉంటూ గోంగూర మానేయడమంటే ఏంటో ఇక్కడివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మా అత్తయ్య "ఎవరో నిన్ను తిట్టుకుంటున్నారమ్మాయ్" అంది. మా అమ్మ ఫోన్లో "నిద్రలో పళ్లు కొరుకుతున్నావంటే కడుపులో నులిపురుగులు ఉండుంటాయి, మాత్ర వేసుకో" అంది. టెన్త్ పిల్లలు తిట్టుకుంటూనే ఉంటారు, కాదనను, కానీ వాళ్ల తిట్లకి వారంలో నాలుగైదు రాత్రులు సరిగ్గా ఎడమవైపే తెగుతుందంటే నమ్మలేను.

కాబట్టి కొలవడం మొదలుపెట్టా. పెట్టుకున్న రూలు ఒకటే, ఒకసారికి ఒక్కటే మార్చాలి. చివర్లో నేనే తప్పాను, అది అక్కడ చెప్తా.

దశ 0: ఏమీ మార్చకుండా కొలత (14 రాత్రులు, ఫిబ్రవరి 10 నుంచి)

సామాను: పిల్లాడి జామెట్రీ బాక్సులో స్కేలు, ఫోను, 250 రూపాయల కార్డు రీడరు, లాప్‌టాప్‌లో ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ (మెషీన్ ఎస్‌డీ కార్డులో ఉన్న రాత్రంతా గ్రాఫు ఇందులో కనపడుతుంది), ఒక లాంగ్ నోట్‌బుక్.

1. లేవగానే, నీళ్లు కూడా తాగకముందు, అద్దం ముందు నాలుక చాపి రెండు పక్కలా ఫోటో. కొత్త గాటు ఉంటే 1, లేకపోతే 0. ఉత్త పళ్ల అచ్చులు ఉంటే 0 కిందే.
2. నొప్పి రాకుండా నోరు ఎంత తెరుచుకుంటోందో స్కేలుతో, పై ముందు పన్ను అంచు నుంచి కింది పన్ను అంచు దాకా. పెద్దవాళ్లకి మామూలుగా 40 నుంచి 50 మిల్లీమీటర్లు వస్తుంది, స్కేలు లేకపోతే మూడు వేళ్లు నిలువుగా పట్టాలి.
3. దవడ నొప్పికి పదికి మార్కులు.
4. కార్డు తీసి ఏహెచ్ఐ, లీకు (మాస్కు సందుల్లోంచీ నోట్లోంచీ వృథాగా పోయే గాలి) రాసుకోవడం. నా మెషీన్‌కి నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ లీకు.

మొదటి మూడు రోజుల కొలతలు దిద్దాల్సొచ్చింది. ప్లాస్టిక్ స్కేలుకి సున్నా గీతకి ముందు కాస్త ఖాళీ ఉంటుంది కదా, నేను స్కేలు కొసని కింది పన్నుకి ఆనించి చదివేశా, 5 మిల్లీమీటర్లు తక్కువొచ్చింది. ఇదే తప్పుకి ఆరో తరగతి పిల్లల్ని ఇరవయ్యేళ్లుగా కేకలేస్తున్నా. గచ్చు మీద రుద్ది ఆ కొసని సున్నా దాకా అరగదీశా, ఆ మూడింటికీ 5 కలుపుకున్నా.

ఫలితం: 14 రాత్రుల్లో 9 రాత్రులు గాటు. నోరు పొద్దున 33, సాయంత్రం 44. నొప్పి 6. ఏహెచ్ఐ 2.3, లీకు 9. మెషీన్ యాపు మాత్రం రోజూ నూటికి 97, 98 మార్కులు వేస్తోంది, దానికి నాలుక సంగతి ఏం తెలుసు.

ఇక్కడో ముఖ్యమైన పని, మీరు ఇంకేం చేయకపోయినా ఇది చేయండి. నాలుక పక్క అంచు తెగడం నిద్రలో ఫిట్స్ వచ్చినా జరుగుతుంది. మా డాక్టరు గారు ముందు అడిగింది అదే. పక్క తడుస్తోందా, లేచాక కాసేపు ఎక్కడున్నానో తెలియనట్టు ఉంటోందా, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులున్నాయా, పడుకున్నప్పుడు కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఇంట్లోవాళ్లు ఎవరైనా చూశారా. నాకు ఏదీ లేదు, అయినా ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీయించారు, నార్మల్. వాడే మందులు కూడా చూశారు, డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మాత్రల వల్ల పళ్లు గిట్టకరుచుకోవడం వస్తుందట, నేను అవేమీ వాడట్లేదు. వాడేవాళ్లు మీ అంతట మీరు ఆపేయకండి, రాసిన డాక్టర్నే అడగండి.

ఇప్పటిదాకా: 14 రాత్రులు, గాటు పడ్డవి 9, ఖర్చు 3,350.

దశ 1: వేడినీళ్లలో ముంచే నైట్ గార్డ్ (8 రాత్రులు) – ఫెయిల్

రాత్రి పళ్లకి వేసుకునే తొడుగు ఇది, ఆన్‌లైన్లో 650. వేడినీళ్లలో మెత్తబడ్డాక నోట్లో పెట్టుకుని కొరికితే మన పళ్ల ఆకారానికి వస్తుంది. మొదటిది నీళ్లు తెర్లుతుంటే వేసి, ఈలోపు పాలు పొంగితే అటు పరిగెత్తా, తిరిగొచ్చేసరికి వేయించిన అప్పడంలా ముడుచుకుపోయింది. రెండోదానికి స్టవ్ ఆపి, రెండు నిమిషాలు ఆగి, గడియారం చూసి ముంచా. బాగానే వచ్చింది.

కానీ అది మెత్తటిది. మెత్తటిది నోట్లో ఉంటే నా దవడ దాన్ని చూయింగ్ గమ్ అనుకుంది. పక్కన పెట్టిన ఫోన్లో రికార్డు వింటే మూడింటి తర్వాత రబ్బరు నమిలే చప్పుడు, కీచు కీచుమని. పైగా అది ఉండటం వల్ల పెదాలు సరిగా మూతపడక నోట్లోంచి గాలి పోతోంది. లీకు 9 నుంచి 22. ఏహెచ్ఐ 2.3 నుంచి 4.8. ఎనిమిదో రాత్రికి ఎడమ దవడ పన్ను దగ్గర చిల్లు పడింది. గాట్లు 8 రాత్రుల్లో 6.

ఒకటి మాత్రం తెలిసింది, చిల్లు పడ్డ చోటూ నాలుక మీద గాటూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

ఇప్పటిదాకా: 22 రాత్రులు, 15, ఖర్చు 4,650.

దశ 2: పన్ను అంచు నునుపు చేయించడం (7 రాత్రులు)

ఆ చిల్లు గార్డునే కవర్లో వేసుకుని డెంటిస్టు దగ్గరికి వెళ్లా. మేడమ్ దాన్ని చూసి, అద్దం పెట్టి, "ఇదిగోండి, మీ చేత్తోనే తాకండి" అన్నారు. ఎడమ కింద చివరి నుంచి రెండో దవడ పన్ను, ఎప్పుడో పెట్టించిన సిమెంటు పక్కన చిన్న పెచ్చు ఊడి అంచు బ్లేడులా ఉంది. నేనా పన్నుతో ఎన్నాళ్ల నుంచి తింటున్నానో, పగలు నాలుక దానికి అలవాటుపడి తప్పుకుంటోంది, రాత్రి తప్పుకోలేదు. ఐదు నిమిషాల్లో రుద్ది పంపించారు. ఫీజు 300, రుద్దినందుకు 500.

నా లెక్కకి గట్టి అచ్చు గార్డ్ (పళ్ల అచ్చు తీసి ల్యాబులో చేసేది) చేయించుకోవాలి. ఆవిడే వద్దన్నారు, కాస్త ఆగమన్నారు. ఊపిరి ఆగే జబ్బున్న కొందరికి పై పళ్లకి పెట్టే గార్డుతో కింది దవడ ఇంకా వెనక్కి తిరిగి ఊపిరి ఇబ్బంది పెరగొచ్చట, ముందు ఎందుకు బిగిస్తున్నారో చూసుకోండి, పళ్లు అరిగిపోయేంత ఇంకా లేదు అన్నారు. 5,500 వచ్చే అవకాశం ఉండి కూడా వద్దన్న డెంటిస్టు దొరకడం అదృష్టమే.

7 రాత్రులు: గాట్లు 4, అందులో రక్తం వచ్చింది ఒక్కటే. నొప్పి 6, నోరు 33, ఏ మార్పూ లేదు. అంటే నాకున్నవి రెండు సమస్యలు, ఒకటి కత్తి, ఒకటి కత్తిని నొక్కే చెయ్యి. కత్తి మొండిదయింది, చెయ్యి అలాగే ఉంది.

ఇప్పటిదాకా: 29 రాత్రులు, 19, ఖర్చు 5,450.

దశ 3: గడ్డం పట్టీ తీసేయడం (5 రాత్రులు)

దీన్ని అసలు అనుమానించనే లేదు. నోరు తెరుచుకుంటే గాలి పోతుందని మెషీన్ అమ్మినాయన ఒక పట్టీ ఇచ్చాడు, గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా, శవానికి దవడ కట్టినట్టు ఉంటుంది (మా ఆయన మాట ఇది, ఆ రోజు తిట్లు తిన్నారు). నోట్‌బుక్ వెనక్కి తిప్పితే అప్పుడు కనపడింది, పట్టీ ఇచ్చిన తేదీకి తొమ్మిది రోజుల తర్వాత మొదటి గాటు.

అద్దం ముందు పట్టీ పెట్టుకుని చూడండి. అది దవడని పైకే కాదు, కాస్త వెనక్కి కూడా లాగుతుంది. పళ్లు పళ్లకి ఆనుకుంటాయి. మెలకువగా ఉన్నప్పుడే పది నిమిషాలకి చెవుల ముందు కండ నొప్పెట్టింది. చెంప మీద వేళ్లు పెట్టి పళ్లు బిగిస్తే గట్టిగా ఉబ్బుతుందే, అదే కండ.

తీసేసిన 5 రాత్రులు: గాటు 1, నొప్పి 6 నుంచి 3కి, నోరు 38. లీకు మాత్రం 38కి వెళ్లిపోయింది. పొద్దునకి నాలుక పెంకులా ఎండిపోయేది, రాత్రంతా పెదాల మధ్య నుంచి కుక్కర్ విజిల్ వచ్చే ముందు వచ్చే సన్న చప్పుడు. "ఏవండీ, పట్టీ మళ్లీ పెట్టుకోనా?" అంటే "నాలుక తెగడం కన్నా ఇదే నయం, నేను దుప్పటి కప్పుకుంటాలే" అన్నారు.

ఇక్కడే నాకు విషయం అర్థమైంది. లీకు ఆపడానికి నేను చేసిన ప్రతి పనీ దవడని బిగిస్తోంది. లీకు 9 అని మురిసిపోయిన రాత్రులన్నీ నా పళ్లే దాన్ని 9లో పట్టి ఉంచాయి.

ఇప్పటిదాకా: 34 రాత్రులు, 20, ఖర్చు 5,450.

దశ 4: నోరూ ముక్కూ కలిపి మూసే మాస్కు (6 + 4 రాత్రులు) – ఫెయిల్, ఖరీదైన ఫెయిల్

నోరు తెరుచుకున్నా గాలి పోదు కదా అని 5,800 పెట్టి కొన్నా. మొదటి 6 రాత్రుల్లో 4 గాట్లు, నొప్పి 7, ఏహెచ్ఐ 6.1. పట్టీ రోజులకన్నా ఘోరం.

కారణం కింది పట్టీలు. లీకు భయంతో బిగించేశా, మాస్కు కింది అంచు గడ్డం మీద కూర్చుని దవడని వెనక్కి నెడుతోంది. దవడ వెనక్కి పోతే నాలుక గొంతు మీదకి పోతుంది, ఊపిరి దారి ఇరుకవుతుంది, మెషీన్ ప్రెషర్ పెంచుతుంది, పెరిగితే మళ్లీ లీకు. దీన్ని వదులు చేసే పద్ధతి ఇది, ఏ మాస్కుకైనా పనికొస్తుంది:

1. కూర్చుని కాదు, పడుకుని, మెషీన్ ఆన్ చేసి సర్దాలి. పడుకుంటే ముఖం ఆకారం మారుతుంది.
2. నాలుగు పట్టీలూ వదులు చేసి మాస్కుని ముఖం నుంచి కొంచెం ఎత్తి వదిలితే మెత్తలోకి గాలి నిండి అదే కూర్చుంటుంది.
3. పై పట్టీలు ముందు, కిందివి చివర. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి.
4. ఇప్పుడు నోరు తెరిచి మూసి చూడాలి. పళ్ల మధ్య ఖాళీ ఉంచుకోలేకపోతున్నామంటే ఇంకా బిగువే.

వదులు చేశాక 4 రాత్రుల్లో 1 గాటు, నొప్పి 4. కానీ నేను పక్కకి తిరిగి పడుకునే మనిషిని, తిరగగానే దిండు తగిలి మాస్కు జరిగి కళ్లల్లోకి గాలి. నోటితో ఊపిరి తీసేవాళ్లకి, ముక్కు దిబ్బడ ఉండేవాళ్లకి ఇదే సరైనది కావచ్చు, నా ముఖానికి కుదరలేదు. బీరువాలో ఉంది.

ఇప్పటిదాకా: 44 రాత్రులు, 25, ఖర్చు 11,250.

దశ 5: ప్రెషర్ (11 రాత్రులు)

మళ్లీ ముక్కు మాస్కుకే వచ్చా, పట్టీ లేకుండా. కూర్చుని పాత గ్రాఫులన్నీ ఆస్కార్‌లో తెరిచా. గాటు పడ్డ రాత్రుల్లో ఒక పోలిక ఉంది. పన్నెండు నుంచి రెండింటి దాకా ప్రెషర్ 7 దగ్గర నిలకడగా ఉంటుంది, మూడు దాటాక కొండెక్కుతుంది, 13, 14 దాకా. తెల్లవారుజామున కలలొచ్చే నిద్ర ఎక్కువ, ఒళ్లు మరీ వదులవుతుంది, గొంతు కూడా.

మార్చి 4 రాత్రి 4:12 దగ్గర జూమ్ చేస్తే ఇలా ఉంది. ఊపిరి గీత పైభాగం గుండ్రంగా ఉండాల్సింది, బల్లలా చదునుగా అయిపోయింది, ఒకటిన్నర నిమిషం అలాగే. అంటే గాలి లాగుతున్నా కానీ ఇరుకు దారిలోంచి. ఆ తర్వాత ఉన్నట్టుండి మూడు పెద్ద ఊపిర్లు, సగం మెలకువ వచ్చినట్టు. అదే సెకన్లలో ఫోను రికార్డులో 'టక్' మని పళ్లు తగిలిన చప్పుడు. దీన్ని మెషీన్ ఏహెచ్ఐలో లెక్కే కట్టలేదు, ఎందుకంటే ఊపిరి పూర్తిగా ఆగలేదు, లెక్కలోకి వచ్చేంత తగ్గలేదు. ఏహెచ్ఐ 2.3 చూసి అంతా బాగుందనుకున్నది ఇందుకే.

ఆ పేజీ ప్రింటు తీసి డాక్టరు గారికి చూపించా. ఆయన కాసేపు చూసి కింది ప్రెషర్ 6 నుంచి 8.4కి పెంచారు, పైది 16 నుంచి 12కి దించారు. మెషీన్ వెంటపడి పరిగెత్తే బదులు మొదటి నుంచే గొంతు తెరిచి ఉంచాలని, మరీ పైకి పోతే మెలకువ, లీకు రెండూ వస్తాయని ఆయన ఉద్దేశం. సెట్టింగు మార్చే మెనూ దొరికింది కదా అని నేను మధ్యలో ఒక రాత్రి సొంత తెలివితో 9.4 పెట్టా, పొద్దునకి పొట్ట డప్పులా ఉబ్బి స్కూల్లో ప్రేయర్‌లో తేన్పులు. మళ్లీ 8.4. డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకండి, నేను చేశానని మీరు చేయకండి.

11 రాత్రులు: గాట్లు 2, లీకు 17, ఏహెచ్ఐ 1.6, నోరు 39, నొప్పి 3.

ఇదే రోజుల్లో టెన్త్ స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లా. అక్కడ బల్ల మీద పేపర్ల కట్ట ముందు కూర్చుని, ఒక కుర్రాడు పైథాగరస్ సిద్ధాంతాన్ని వృత్తానికి వాడిన చోట ఎర్ర పెన్ను ఆగింది, చూసుకుంటే నా పళ్లు గిట్టకరుచుకుని ఉన్నాయి. పగలే! ఎంతసేపటి నుంచో తెలియదు. ఒకసారికి ఒకటే మార్చాలి కాబట్టి నోట్‌బుక్‌లో రాసి వదిలేశా.

ఇప్పటిదాకా: 55 రాత్రులు, 27, ఖర్చు 11,850.

దశ 6: దిండు, మెడ పట్టీ (12 రాత్రులు)

మిగిలిన రెండు గాట్లూ వెల్లకిలా పడుకుని గడ్డం ఛాతీకి ఆనిన రాత్రులే అని మా ఆయన సాక్ష్యం. నావి రెండు దిండ్లు. ఒకటి తీసేశా, అదొక్కటే చాలలేదు, మూడు రాత్రుల తర్వాత మెడికల్ షాపులో మెత్తటి స్పాంజి మెడ పట్టీ 350కి తెచ్చా. ఇది గడ్డం పట్టీలా దవడని లాగదు, కింద ఊరికే ఆసరాగా ఉంటుంది, గడ్డం కిందకి వాలదు. వదులుగానే పెట్టాలి, లోపలికి రెండు వేళ్లు దూరాలి, గొంతుకి నొక్కకూడదు.

ఇబ్బంది ఏంటంటే ఏప్రిల్, గుంటూరు, స్పాంజి. రెండో రాత్రికే మెడ చుట్టూ చెమటకాయలు. మామయ్య గారి పాత నూలు పంచె చింపి దానికి రెండు తొడుగులు కుట్టా, రోజుకొకటి ఉతుక్కోవడానికి. ఎత్తు కూడా ఎక్కువైంది, ముందు భాగం కత్తెరతో ఒకటిన్నర సెంటీమీటర్లు కోశా.

12 రాత్రులు: గాటు 1, లీకు 11, నోరు 41, నొప్పి 2. దవడ బిగించకుండా లీకు 11 రావడం ఇదే మొదలు.

ఇప్పటిదాకా: 67 రాత్రులు, 28, ఖర్చు 12,200.

దశ 7: తేమ, పగటి అలవాటు (14 రాత్రులు) – ఇక్కడ నేను తప్పాను

సెలవులిచ్చారు, ఓపిక ఎక్కువైంది, రెండూ ఒకేసారి మార్చేశా.

1. మెషీన్ గాలికి కలిపే తేమ సెట్టింగు 4 నుంచి 6కి. నోరు ఎండితే నాలుక పళ్లకి అంటుకుంటోంది. ఏసీ 24లో పెడితే గొట్టంలో నీళ్లు చేరి గుడగుడమన్నాయి, 26 చేసి ఫ్యాను పెట్టా, గొట్టానికి పాత కాటన్ చీర ముక్క చుట్టా, పోయింది.
2. ఫ్రిజ్ మీద, ఫోను వెనక, కత్తిపీట చెక్క మీద ఎర్ర బొట్టు బిళ్లలు అంటించా. కనపడ్డప్పుడల్లా చూసుకోవడం: పెదాలు కలిసి, పళ్లు విడిగా, నాలుక కొస పై ముందు పళ్ల వెనక. మొదటి రోజు లెక్కపెడితే 23 సార్లలో 15 సార్లు పళ్లు కలిసే ఉన్నాయి. పదో రోజుకి 20లో 4. బెండకాయలు కోసేటప్పుడు కూడా బిగించేదాన్నని అప్పుడు తెలిసింది.

14 రాత్రులు: గాటు 1, నోరు 43, నొప్పి 1. ఇందులో తేమ వాటా ఎంత, బొట్టు బిళ్లల వాటా ఎంత, స్కూలు లేకపోవడం వాటా ఎంత, విడదీయలేను. జూన్లో బడి తెరిచాక ఈ వరసే మళ్లీ కొలవాలి.

ఆ ఒక్క గాటు సంగతి కూడా చెప్పాలి. మే రెండో వారంలో ఒక రాత్రి ఈదురుగాలి, వాన, రెండున్నరకి కరెంటు పోయింది. ఇన్వర్టరు ఉంది, కానీ మెషీన్ పెట్టిన ప్లగ్గు ఏసీ లైను మీద ఉంది, దానికి ఇన్వర్టరు రాదు. నేను లేవలేదు. కార్డులో చూస్తే 2:31కి గీత ఆగిపోయి 4:50కి మళ్లీ మొదలైంది, మధ్యలో ఏం జరిగిందో ఫోను రికార్డులో ఉంది, పాత గురక, తర్వాత పళ్లు పటపట. పొద్దున ఎలక్ట్రీషియన్ అబ్బాయిని పిలిచి 900కి ఇన్వర్టరు లైను మంచం దాకా లాగించా. సాయంత్రం మెయిన్ ఆపి చూశాం, మెషీన్ ఒక్క క్షణం ఆగి తనే మళ్లీ మొదలైంది.

ఇప్పటిదాకా: 81 రాత్రులు, 29, ఖర్చు 13,100.

ఆ రోజే మా అత్తయ్య కొత్తావకాయ మూడో రోజు జాడీ తిరగకలిపింది. నాలుక ఎడమవైపు గాటు పచ్చిగానే ఉంది. ముద్ద కుడివైపు పెట్టుకుని తిన్నా.